ఆరేళ్లు కత్తెర పడని 72 గులాబీలు: ఒక తోట పునరుద్ధరణ, కేస్ స్టడీ

నాలుగు మళ్లు, 72 మొక్కలు. మొదటి మడిలో 22 హైబ్రిడ్ టీలు (కాడకో పెద్ద పువ్వు పూసే గులాబీలు), రెండో మడిలో 26 ఫ్లోరిబండాలు (గుత్తులుగా పూసేవి), ఒక పెద్ద చెట్టు పక్కనున్న మూడో మడిలో మరో 16 హైబ్రిడ్ టీలు. నాలుగోదాన్ని మడి అనలేం. స్తంభాలకు తీగలు లాగి ఎక్కించిన 8 పాకుడు గులాబీల వరస అది.

ఆరేళ్లుగా కత్తిరింపు లేదు. అయితే తోటను పూర్తిగా గాలికి వదిలేశారనీ చెప్పలేం. పైపుతో పైనుంచి నీళ్లు చల్లేవారు, ఏడాదికోసారి పశువుల ఎరువు మొదట్లో కుప్పపోసేవారు. చెడిందంతా అక్కడే. ఏటా పోసిన ఎరువు, రాలిన ఆకు కలిసి మొదళ్ల చుట్టూ 10 సెంటీమీటర్ల పైన మట్టం పెరిగింది. అంటు ముడులు, అంటే మేలు రకాన్ని వేరొక గులాబీ వేళ్ల మీద అంటు కట్టిన చోట్లు, దాని కింద కూరుకుపోయాయి. మెత్తటి పొర దొరికేసరికి గరిక, తుంగ అల్లుకుపోయాయి. ఆకులు రోజూ తడిసేవి, కింద పడిన మచ్చల ఆకులు ఎక్కడివక్కడే ఉండేవి. నల్లమచ్చ తెగులుకు ఇంతకంటే కావలసింది లేదు.

లెక్క తేల్చడం

దూరం నుంచి చూస్తే మొదటి మడి అన్నిటికంటే పచ్చగా ఉంది. మనిషెత్తు పొదలు, నిగనిగలాడే ఆకు. దగ్గరికెళ్లి మొదలు తవ్వి చూస్తే ఆ ఎత్తు పొదల్లో చాలావరకు నాటిన మేలు రకాలు కావు, వాటిని అంటు కట్టిన కింది మొక్కలు, అంటే వేరుమూలాలు. పైన కట్టిన రకం ఎప్పుడో చచ్చిపోయింది, కింది నుంచి లేచిన పిలకలు రాజ్యమేలుతున్నాయి. ఇలాంటి తోటల్లో బాగా ఏపుగా ఉన్న పొదనే ముందు అనుమానించాలి.

ఏడు రెక్కల ఆకుంటే పిలక, అయిదు రెక్కలుంటే అసలు రకం అని చాలామంది చెబుతారు. దాన్ని నమ్ముకుని కోస్తే మంచి కొమ్మలు పోతాయి. మేలు రకాల్లోనూ, ముఖ్యంగా పాకుడు గులాబీల్లోనూ పొద గులాబీల్లోనూ, ఏడు రెక్కలు మామూలే. సరైన పరీక్ష ఒక్కటే. చిన్న బొరిగెతో మట్టి తీసి, మొదట్లో ఉబ్బుగా కనిపించే అంటు ముడి దొరికేదాకా వెళ్లాలి. ముడి నుంచి గానీ దాని పైనుంచి గానీ లేచింది అసలు కొమ్మ. ముడి కింద నుంచి, లేదా వేరు మీద నుంచి లేచింది పిలక.

బతికి ఉందో లేదో తెలియని కొమ్మను గోటితో గీకాలి. తొక్క కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమ రంగులో పొడిగా ఉంటే లేదు. చివర ఎండిపోయినా కింద పచ్చగా ఉండొచ్చు కాబట్టి మూడు చోట్ల గీకి చూడాలి.

తేలిన లెక్క ఇది. పూర్తిగా చచ్చినవి 11: మొదటి మడిలో 3, రెండో మడిలో 2, మూడో మడిలో 6. వేరుమూలంగా మారిపోయినవి 14: వరసగా 7, 4, 3. అసలు రకం బతికున్నవి 47. ఆ 47లో ముడి నుంచి మూడు, అంతకంటే ఎక్కువ బలమైన కొమ్మలున్నవి 19, ఒకటి రెండు కొమ్మల మీద నిలబడినవి 20, బాగా నీరసించినవి 8. ఆ ఎనిమిదిలో ఏడు చెట్టు పక్క మడిలోవే. మంచివాటికి పచ్చదారం, నడిమివాటికి పసుపుదారం, నీరసించినవాటికి ఎర్రదారం కట్టారు. తర్వాత ఏ మొక్కకు ఎంత కోయాలో ఆ దారమే చెప్పింది.

ఎరువు ఎందుకు ఆపారు

నీరసించిన మొక్కను చూడగానే చెయ్యి ఎరువు బస్తా వైపు పోతుంది. ఈ తోటలో మొదటి ఏడు వారాలు ఒక్క పిడికెడు కూడా వేయలేదు. ఆకు తక్కువగా ఉన్న మొక్క వేళ్లలో, పాత కొమ్మల్లో దాచుకున్న నిల్వతో బతుకుతుంది. అప్పుడు నత్రజని ఇస్తే ఆ నిల్వను ఖర్చుపెట్టి మెత్తటి రెమ్మలు తోస్తుంది, వాటి మీదికి పేనుబంక, బూడిద తెగులు వచ్చి పడతాయి. దెబ్బతిన్న వేళ్ల దగ్గర రసాయన ఎరువు లవణాలు పోగైతే ఆకు అంచులు మాడతాయి. పైగా ఈ మళ్లలో కరువు ఎరువుకు కాదు, వేళ్లకు గాలికీ మొదళ్లకు వెలుగుకూ. మొదటి నెల పనంతా తీసేయడమే.

మొదట కలుపు. గులాబీ పీచువేళ్లు చాలావరకు పై 15, 20 సెంటీమీటర్లలోనే ఉంటాయి, అందుకని పార వాడలేదు. పారతో కొడితే పీచువేళ్లు తెగుతాయి. వేరుమూలానికి గాయమైన చోట కొత్త పిలకలు కూడా పుడతాయి. మొదటి మడిలో అన్ని పిలకలు రావడానికి ఏటా పారతో తిరగేయడమూ ఒక కారణం. రెండు రోజులు బాగా తడిపి, మట్టి మెత్తబడ్డాక తొలికతో గరిక వేళ్లను లాగారు. తుంగ లాగితే గడ్డి చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. అందుకే గడ్డతో సహా తవ్వి తీయాల్సి వచ్చింది. అయినా మూడు వారాల్లో మళ్లీ మొలిచింది. ప్రతి పది రోజులకూ, అయిదారు ఆకులు రాకముందే తీస్తూపోతే గడ్డలోని నిల్వ తరుగుతుంది. ఒక్కసారితో తుంగ పోతుందనుకుంటే నిరాశే.

తర్వాత అంటు ముడులు బయటపెట్టారు. చేత్తో మట్టి లాగి, ముడి నేలకు 3, 4 సెంటీమీటర్లు పైన ఉండేలా మట్టం దించారు. మంచు గడ్డకట్టే ప్రాంతాల్లో ముడిని మట్టిలోనే ఉంచుతారు, ఈ పని అక్కడ చేయకూడదు. కొన్ని మొక్కల్లో ముడి పైనుంచి కూడా వేళ్లు పుట్టి ఉన్నాయి. కొమ్మకు బలం వాటి నుంచే వస్తోందనిపిస్తే వాటిని కోయకుండా అలాగే మట్టిలో ఉంచారు.

పిలకలను కత్తెరతో నేలమట్టానికి కోయడం అందరూ చేసే తప్పు. అలా కోస్తే మిగిలిన మొదట్లోని మొగ్గల నుంచి మూడు నాలుగు కొత్తవి లేస్తాయి. పుట్టిన చోటిదాకా మట్టి తీసి, చేతికి మందపాటి తోలు తొడుగు వేసుకుని, కిందికి గుంజి పీకాలి. ఆ చోటి మొగ్గలు కూడా దాంతో ఊడి వస్తాయి. బొటనవేలి లావు మించినవి పీకుడుకు రావు, వాటిని పదునైన కత్తితో వేరుకు ఆనించి చెక్కేయాలి.

కత్తిరింపు

నాలుగో వారంలో మొదలైంది. వానలు తగ్గి, గాలి పొడిబారి, చలి మొదలయ్యే వేళ అది. ఎండలు మండే నెలల్లో పెద్ద కత్తిరింపు చేస్తే బయటపడిన పాత కొమ్మల తొక్క ఎండకు కాలిపోతుంది. వానల్లో చేస్తే కోత నుంచి ఎండుకొమ్మ తెగులు దిగుతుంది. శీతాకాలంలో గడ్డకట్టే చోట చలి తగ్గి మొగ్గలు ఉబ్బేదాకా ఆగాలి.

పనిముట్లు మూడే. వేలి లావు దాకా రెండు పళ్లూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారే కత్తెర, ఒకటిన్నర అంగుళం దాకా పొడవు చేతుల కత్తెర, ముడి దగ్గరి ఎండు మోడులకు సన్నని మడత రంపం. ఒక పన్ను పీట మీద ఆనే రకం కత్తెర పచ్చికొమ్మను నలిపేస్తుంది, అది ఎండు కొమ్మలకే. ప్రతి మొక్కకూ మారేముందు 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో పళ్లు తుడవాలి.

మొదటి మడిలోని పసుపుదారం మొక్క ఒకదాన్ని దగ్గరగా చూస్తే పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. ముడి మీద ఆరు కొమ్మలు. రెండు పూర్తిగా ఎండినవి. వాటిని పైనుంచి కాకుండా రంపంతో ముడికి ఆనించి కోశారు, మోడు మిగిలితే తెగులు అందులోంచే ముడిలోకి పోతుంది. మూడోది బూడిద రంగు తొక్కతో పగిలి ఉన్న ముదురు కొమ్మ, చివర రెండు సన్న రెమ్మలు తప్ప ఏమీ లేవు. నాలుగోది మధ్యకు వంగి ఇంకోదానితో ఒరుసుకుంటోంది. మిగిలిన రెండే పచ్చగా, వేలి లావున ఉన్నాయి. పుస్తకం ప్రకారమైతే మూడోది, నాలుగోది కూడా పోవాలి. కానీ అప్పుడు రెండు కొమ్మలే మిగులుతాయి. అందుకని ఒరుసుకునేదాన్ని తీసేసి, ముదురు కొమ్మను సగానికి తగ్గించి ఆ ఏడాదికి ఉంచారు. దాని ఆకు వేళ్లకు తిండి పెడుతుంది. కొత్త కొమ్మ లేచాక దాని పని అయిపోతుంది.

పచ్చకొమ్మలను 45 సెంటీమీటర్ల ఎత్తున కోసి చూస్తే మధ్యలో దవ్వ గోధుమ రంగులో ఉంది. మరో పది సెంటీమీటర్లు దిగినా ఒక పక్క మరక కనిపించింది. ఇంకో అయిదు దిగాక తెల్లటి దవ్వ వచ్చింది. కోత అక్కడ ఆగింది, అంటే 30 సెంటీమీటర్లకు. ఎత్తు లెక్క పెట్టుకుని కోయడం కాదు, దవ్వ తెల్లబడేదాకా దిగడమే లెక్క. బయటివైపు చూసే మొగ్గకు అర సెంటీమీటరు పైన, మొగ్గ వెనక్కి కొద్దిగా వాలేలా కోత పెట్టాలి. రెండు సెంటీమీటర్లు పైన కోస్తే ఆ మోడు ఎండి తెగులుకు మెట్టవుతుంది. మరీ దగ్గరగా కోస్తే మొగ్గే ఎండిపోతుంది.

పచ్చదారం మొక్కలకు పాత కొమ్మల్లో మూడో వంతు మొదలంటా తీసి, మిగిలినవాటిని సగానికి తగ్గించారు. ఫ్లోరిబండాలకు కొంచెం పొడవు ఎక్కువ వదిలారు. ఎర్రదారం మొక్కల్లో ఎండినది తప్ప ఒక్క పచ్చ ఆకు కూడా ముట్టుకోలేదు. నీరసమైన మొక్కను బాగా కోస్తే బలంగా లేస్తుందన్న మాట బలమైన వేళ్లున్నవాటికే వర్తిస్తుంది.

కోతలకు బోర్డో పేస్ట్

ఇది కోతలోంచి తెగులు దిగకుండా ఆపే మైలుతుత్తం, సున్నం ముద్ద. పెన్సిల్ లావు మించిన ప్రతి కోతకూ అదే రోజు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల పొడిసున్నం మరో అర లీటరులో, రెండూ ప్లాస్టిక్ బకెట్లలో విడిగా కలిపి, తుత్తం నీళ్లను సున్నంలోకి మెల్లగా పోస్తూ కర్రతో తిప్పాలి. ఇనుప పాత్ర, గరిటె పనికిరావు. మెరిసే ఇనుప చాకును అందులో ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రటి పూత పట్టిందంటే తుత్తం మిగిలిపోయినట్టే, ఇంకొంచెం సున్నం కలపాలి. లేకపోతే తొక్క కాలుతుంది. కలిపింది ఆరోజే వాడాలి, మర్నాటికి అడుగున పేరుకుని అతుక్కోదు.

మొదటి మడిలో రెండు మొక్కలు పోయింది ఈ పని దగ్గరే. సాయంత్రం కోసినవాటికి పేస్ట్ తెల్లవారి పూయవచ్చని వదిలేస్తే రాత్రి అకాల వాన పడింది. మూడు వారాల తర్వాత కోత నుంచి కిందికి నల్లగా ఎండటం మొదలై, రెండుసార్లు దిగి కోసినా ఆగక ముడిదాకా పోయింది. అప్పటినుంచి పేస్ట్ పూయగలిగినన్ని మొక్కలే ఆ రోజు కోయాలన్న నియమం పెట్టారు.

కోసిన కొమ్మలు, నేల మీది ఆకు మొత్తం ఊడ్చి తోట బయటికి పంపారు. నల్లమచ్చ శిలీంధ్రం డిప్లోకార్పాన్ రోసే రాలిన ఆకులో, కొమ్మల మీది మచ్చల్లో నిలిచి ఉంటుంది. వీటిని కంపోస్టు గుంటలో వేస్తే తెగులు తిరిగి మడికే చేరే వీలుంది.

మూడో మడి సంగతి

ఇది వేరే కథ. 30 సెంటీమీటర్ల గుంట తీసి నీళ్లు నింపి, ఇంకిపోయాక రెండోసారి నింపి చూశారు. గంటకు ఒక సెంటీమీటరు కూడా దిగలేదు. రెండున్నర సెంటీమీటర్లన్నా దిగకపోతే గులాబీ వేళ్లు ఊపిరాడక చస్తాయి. దానికి తోడు చెట్టు నీడ వల్ల నేరుగా పడే ఎండ మూడు గంటలే, కనీసం ఆరు కావాలి. చెట్టు వేళ్లు మడి నిండా. నేలను ఎంత బాగుచేసినా నీడ పోదు కాబట్టి మడినే వదిలేసి, బతికున్న ఏడింటినీ మొదటి మడిలోని ఖాళీల్లోకి మార్చారు.

మార్చడానికి ముందురోజు బాగా తడిపి, మొదలు చుట్టూ 40 సెంటీమీటర్ల మట్టిగడ్డతో లేపాలి. నాలుగు మొక్కలు అలాగే వచ్చాయి, నాలుగూ బతికాయి. మిగిలిన మూడింటిలో చెట్టు వేళ్లు చిక్కుకుని గడ్డ చిట్లి వేళ్లు బయటపడ్డాయి. తడి గోనెలో చుట్టి వెంటనే నాటినా మూడూ పోయాయి.

గులాబీ చచ్చిన గుంటలో అదే మట్టిలో ఇంకో గులాబీ నాటితే చాలాసార్లు ఎదగదు. అందుకే నాటిన ప్రతి చోటా పొడవు, వెడల్పు, లోతు 45 సెంటీమీటర్ల చొప్పున పాత మట్టి తీసి, గులాబీలు లేని చోటి మట్టితో నింపారు.

వేరుమూలంగా మారిన 14లో పది తీసేశారు. బలంగా ఉన్న నాలుగింటిలో ఒక్కో కుర్ర పిలకను మాత్రం ఉంచి, పెన్సిల్ లావున ఉన్నప్పుడు నేలకు దగ్గరగా ఇంగ్లీషు టీ (T) ఆకారపు గాటు పెట్టి, మేలు రకం మొగ్గ ఒక్కటి తొక్క కింద అమర్చి కన్ను అంటు కట్టారు. మూడు పట్టాయి. చెయ్యి తిరిగినవాళ్లు లేకపోతే దీనికి దిగడం కంటే కొత్త మొక్క నాటుకోవడమే నయం.

రెండో మడిలో ఎర్రదారం కట్టిన ఒక్క మొక్కకు ముడి దగ్గర బొబ్బిలా గరుకు కాయ కనిపించింది. అది క్రౌన్ గాల్, అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, మందు లేదు. మట్టితో సహా తీసి కాల్చేశారు.

నీళ్లు, ఎరువు, మందు

పైనుంచి చల్లడం మొదటిరోజే ఆగింది. నల్లమచ్చ బీజం మొలవాలంటే ఆకు ఏడు గంటలపాటు తడిగా ఉంటే చాలు. పాదు చేసి, పొద్దున పూట, వారానికి మొక్కకు 15 నుంచి 20 లీటర్లు ఒకేసారి పెట్టారు. రోజూ కొంచెం కొంచెం పెడితే వేళ్లు పైనే తిరుగుతాయి. మళ్లీ పెట్టేముందు జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టిందంటే ఇంకో రెండు రోజులు ఆగొచ్చు. పాదు మీద 6 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరిచి, మొదలుకు నాలుగు వేళ్ల ఎడం వదిలారు. కాండానికి ఆనితే తొక్క కుళ్లుతుంది.

కోసిన రెండు వారాలకు ఎర్రటి చిగుళ్లు కనిపించాయి. అవి జానెడు పెరిగాకే, అంటే ఎనిమిదో వారంలో, మొక్కకు 3 కిలోల బాగా చివికిన కంపోస్టు, 100 గ్రాముల వేపపిండి. మరో పదిహేను రోజులకు నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు 30 గ్రాములు, మొదలుకు జానెడు దూరంలో, ముందూ వెనకా నీళ్లు పెట్టి. ఎర్రదారం మొక్కలకు రసాయన ఎరువు ఆ ఏడాది అసలు లేదు.

మొదటి మడిలో గోడ వైపు వరసలో లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.9, అందుకే మొక్కకు ఇనుము అందడం లేదు. గోడ సున్నం నేలలో కలిసింది. గులాబీకి 6 నుంచి 6.8 దాకా హాయి. ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనాలు కలిపి అమ్ముతారు. ఇలాంటి చోట వాటిలో ఈడీటీఏ రూపంలోని ఇనుము నేలకు వేస్తే వృథా, ఈడీడీహెచ్‌ఏ రూపమే సున్నపు నేలలో కరిగి ఉంటుంది. అది వేసిన తర్వాత వచ్చిన ఆకు పచ్చగా వచ్చింది. అప్పటికే పసుపైన ఆకు మాత్రం పూర్తిగా తేరుకోలేదు.

తొమ్మిదో వారంలో బూడిద తెగులు. దీనికి ఆకు తడవాల్సిన పని లేదు. పగలు పొడి వేడి, రాత్రి చల్లటి తేమ ఉంటే చాలు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాములు, పది రోజుల తేడాతో రెండుసార్లు. రెండోసారి మధ్యాహ్నం కొట్టేసరికి రెండో మడిలో లేత ఆకులు అంచులు మాడాయి. ఎండ 32 డిగ్రీలు దాటే వేళ గంధకం కొట్టకూడదు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా కొట్టకూడదు. పేనుబంకకు మందు వాడలేదు, పొద్దున నీటిధారతో రెమ్మలు కడిగితే పోయింది, ఎండ వచ్చేలోపు ఆకు ఆరిపోయింది.

పాకుడు గులాబీలు

ఎనిమిదీ పైన పొదలా అల్లుకుని, కింద కాళ్లు బోసిగా ఉన్నాయి. పూలన్నీ చివర్లలోనే. నిటారుగా లేచిన కొమ్మలో చివరి మొగ్గ కిందివాటిని అణచిపెడుతుంది. అదే కొమ్మను అడ్డంగా వంచి కడితే పొడవునా మొగ్గలు మేలుకుని పూల రెమ్మలవుతాయి. ఒక్కోదానికి అయిదారు పొడవు కొమ్మలు ఉంచి, 40 సెంటీమీటర్ల ఎడంతో లాగిన తీగలకు మెత్తటి గుడ్డపీలికలతో ఎనిమిది అంకె ఆకారంలో ముడివేశారు. పక్క రెమ్మలను రెండు మూడు మొగ్గల దాకా కోశారు. ముదురు కొమ్మ ఒకేసారి వంగదు, వారానికి కొంచెం చొప్పున మూడు వారాలు పట్టింది.

ఎనిమిదిలో మూడు ఏడాదికి ఒక్కసారే పూసే రకాలు. అవి పోయిన ఏటి కొమ్మ మీద పూస్తాయి కాబట్టి ఈ కాలంలో కోస్తే ఆ ఏడాది పూలు పోయినట్టే. వాటిలో ఎండినది మాత్రం తీసి, అసలు కత్తిరింపు పూత అయిపోయాకకు వాయిదా వేశారు.

ఏడాది తర్వాత

47లో 41 నిలిచాయి: మొదటి మడిలో 10, రెండో మడిలో 19, మార్చిన నాలుగు, పాకుడువి ఎనిమిది. కన్ను అంటు పట్టినవి మూడు అదనం. కోసిన ఏడో వారానికి మొదటి పూత వచ్చింది. పసుపుదారం, ఎర్రదారం మొక్కల్లో మొగ్గ బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేశారు. వాడిన పూలు కోసేటప్పుడు కూడా పొడవు కాడతో కాకుండా పువ్వు మెడ దగ్గరే విరిచారు, ఒక్క ఆకు కూడా వృథా కాకూడదని. నాలుగో నెలలో పసుపుదారం మొక్కల్లో పదమూడింటికి ముడి నుంచి కొత్త కొమ్మలు లేచాయి. ఎర్రగా, లావుగా, మెత్తగా ఉండే వీటిని కలుపు తీసేవాళ్లు పిలకలనుకుని పీకేస్తుంటారు. ఒకటి అలాగే పోయింది కూడా. అప్పటినుంచి ప్రతి కొత్త కొమ్మ పక్కనా ఒక పుల్ల పాతి, గాలికి విరగకుండా వదులుగా కట్టారు.

పగిలిన తొక్కతో సగానికి తగ్గించి ఉంచిన ఆ ముదురు కొమ్మ ఏడాదంతా ఆకు మోసింది, పూసింది మాత్రం రెండే. దాని పక్కన ముడి నుంచి రెండు కొత్తవి వచ్చాయి. వచ్చే కత్తిరింపులో మొదలంటా పోవాల్సింది అదేనని గుర్తుగా దానికి తెల్లదారం కట్టి ఉంచారు.